పదిన్నర తర్వాత పన్నెండు

గురువారం ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు మా ఇంటికి గ్యాస్ సిలిండర్ వచ్చింది. దాన్ని గడప దాటించి లోపలికి దొర్లిస్తుంటే ఫోన్ మోగింది. ధర్మవరం నుంచి నా మిత్రుడి భార్య. మిత్రుడు పోయి అప్పటికి మూడు నెలలు.

"అన్నా, పదకొండోది నీ దగ్గరేమన్నా ఉండాదా?" అని అడిగింది.

ఒక చేత్తో సిలిండర్, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని "చూస్తానమ్మా" అన్నాను. చూడటానికి ఏమీ లేదని నాకు తెలుసు. పదకొండోదాన్ని ఇరవై ఏళ్ళ కిందట నేనే మా నీళ్ళ పొయ్యిలో పెట్టి, ఆ వేడితో స్నానం చేశాను.

నా మిత్రుడు పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. చీర అంచులో నెమలి కావాలంటే ముందు దాన్ని గ్రాఫు కాగితం మీద గీయాలి. ఒక్కో గడి ఒక్కో పోగుకు గుర్తు. జరీ కనపడాల్సిన చోట గడికి ఎర్ర రంగు నింపుతారు, మిగతాచోట వదిలేస్తారు. ఆ గ్రాఫు చూసి ఇంకొకాయన అట్టలకు రంధ్రాలు కొడతాడు. ఆ అట్టల్ని దండలా కుట్టి మగ్గం పైన తగిలిస్తే, రంధ్రాలను బట్టి పోగులు లేస్తాయి. నెమలి వస్తుంది. ఈ పనిలో నా మిత్రుడికి మంచి పేరుండేది.

మిగిలిపోయిన గ్రాఫు ముక్కల మీద అతను బొమ్మల కథలు గీసేవాడు. అవి కూడా గడులు నింపి గీసినవే కాబట్టి అతని కథల్లో మనుషులందరికీ ముక్కులు మెట్లుమెట్లుగా ఉంటాయి. ఒకటి పూర్తయితే చుట్ట చుట్టి, పాత గొడుగు సంచిలో దూర్చి, ప్యాసింజరు బండెక్కి అనంతపురం వచ్చేవాడు. నేను పనిచేసే కాలేజీకి ఎదురుగా ఒక జిరాక్సు షాపు ఉంది. అక్కడ నలభై కాపీలు తీయించేవాడు. మాటలు మాత్రం ఇంటి దగ్గర పెన్సిల్‌తో రాసుకొచ్చి, షాపు బల్ల మీద పెన్నుతో దిద్దేవాడు. చివరి నిమిషంలో ఇంకా మంచి తిట్టు తడుతుందేమోనని ఆశ.

వాటికి పేరు లేదు, నంబరే ఉంటుంది. ఒక్కోదానిలో బొమ్మకొకటి చొప్పున ఆరు పెద్ద గడులు. ఐదింటిలో కథ, ఆరోది ఖాళీ. చదివినవాళ్ళు ఆ ఆరోది తామే గీసి, కాపీ తెచ్చి షాపు బల్ల మీదున్న బిస్కెట్ డబ్బాలో వెయ్యాలి. అదీ పద్ధతి. ఆటో నడిపేవాళ్ళు, లెక్చరర్లు, ఆసుపత్రిలో చీటీలు రాసే ఒకామె, అందరూ గీసేవాళ్ళు. కోడిపిల్లను గీసినా, అడ్డంగా ఒక గీత గీసినా అతను దాచుకునేవాడు.

ఎప్పుడూ గీయనివాణ్ణి నేనొక్కణ్ణే. మొదటి కాపీ మాత్రం నాకే వచ్చేది.

నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. పుస్తకాల వీపులకు నంబర్లు అతికించడం నా ఉద్యోగం, చదవడం నా జబ్బు. ఇలా ప్రచురణకర్తలు లేకుండా సొంతంగా గీసి, చేతులు మార్చుకునే బొమ్మల కథలను బయటి దేశాల్లో అండర్‌గ్రౌండ్ కామిక్స్ అంటారని నేను చదివి ఉన్నాను. చదివినదాన్ని ఊరికే ఉంచుకునే అలవాటు లేదు గనక అతనికి ఒక సాయంత్రం పాఠం చెప్పాను. వాటిని గీసినవాళ్ళ పిచ్చి అలవాట్లు, అమ్ముకోవడానికి పడ్డ పాట్లు, అన్నీ చెప్పాను.

అతను శనక్కాయలు వలుచుకుంటూ విన్నాడు.

"వాళ్ళను గీయమని ఎవురన్నా అడిగినారాప్పా?"

"లేదు."

"గీయొద్దన్నారా?"

"కొందరిని కోర్టుకు కూడా లాగారు."

"అదృష్టవంతులు. నన్ను మా పక్కింటాయన కూడా లాగల్యా" అని పొట్టు ఊదేశాడు.

పిచ్చి అలవాట్ల విషయంలో అతను వాళ్ళకు తీసిపోడు. చీరల డిజైన్లు కుడిచేత్తో, కథలు ఎడమచేత్తో గీసేవాడు. కుడిచేయి డిజైన్లకు డబ్బిచ్చే సావుకారిదని, ఆయన్ను అడక్కుండా దాన్ని సొంతానికి వాడుకోకూడదని అనేవాడు. ఎడమచేత్తో నాలుగింతలు సేపు పట్టేది. ఎవరైనా మరీ మెచ్చుకుంటే కాపీ వెనక్కి లాక్కునేవాడు. ఎవరో ఒకసారి కళాకారుడు అన్నారని రెండు నెలలు అనంతపురం రావడం మానేశాడు.

పదకొండో నంబరు దగ్గర ఒక పొరపాటు జరిగింది. ఆ రోజు అతని దగ్గర రెండు చుట్టలున్నాయి. ఒకటి నెమలి అంచు, అట్టలు కొట్టే ఆయనకు. ఇంకొకటి కథ, జిరాక్సుకు. రెండూ ఒకే గ్రాఫు కాగితం, ఒకే ఎర్ర రంగు. కథ చుట్ట అట్టల ఆయన దగ్గరికి పోయింది. నెమలి చుట్ట అనంతపురం వచ్చింది. ఆ రోజు అతనికి జ్వరం. చుట్టను బండిలో తెలిసినాయన చేతికిచ్చి పంపాడు. షాపాయన మామూలుగానే నలభై కాపీలు తీసి పంచేశాడు.

నాకూ ఒకటి వచ్చింది. ఒక నెమలి. దాని పక్కన ఇంకో నెమలి. మాటలు లేవు, గడుల విభజన లేదు, కింద నంబరు లేదు.

నేను దాన్ని రెండు రోజులు చదివాను. మూడో రోజు కూర్చుని అతనికి రెండు పేజీల ఉత్తరం రాశాను. ఇన్నాళ్ళకు నీ కథ మాటల అవసరాన్ని దాటిందని రాశాను. వాన రాని నేల మీద నెమలిని అచ్చంగా ఒకేలా మళ్ళీమళ్ళీ గీయడంలో ఎదురుచూపు ఉందని రాశాను. ఆరో గడి కూడా లేకపోవడం పాఠకుడి మీద నమ్మకం పోయినదానికి గుర్తా అని కొంచెం నొచ్చుకున్నాను కూడా. ఉత్తరానికి నకలు తీసి నా దగ్గర ఉంచుకున్నాను, ఎప్పటికైనా పనికొస్తుందని.

జ్వరం తగ్గి, నెల తర్వాత అతను ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చాడు. రైల్వే స్టేషన్ బెంచీ మీద కూర్చుని దాన్ని పైకి చదివి నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు. బండి వచ్చి పోయింది, ఎక్కలేదు.

"అది సావుకారి నెమలి కదప్పా! ఎదురుచూపు కాదు, ఏమీ కాదు. అంచంతా నెమళ్ళు రావల్లంటే మళ్ళీమళ్ళీ గీయక ఏం చేస్తారు?"

"మరి కథ?"

"కథ చీరైపాయ."

అట్టలు కొట్టే ఆయన బొమ్మ చూడడు, గడులు చూస్తాడు. ఎరుపు ఉంటే రంధ్రం, లేకపోతే లేదు. కథనంతా కొట్టేశాడు. మగ్గం ఆయన మూర నేశాక అంచులో ఒక మనిషి కుర్చీలో కూర్చుని ఉండటం చూశాడు. ఎవరో బెంగళూరువాళ్ళు కొత్త డిజైన్ అడిగారేమో అనుకుని చీర మొత్తం నేశాడు. మాటలు రాసే బుడగలు జరీలో మామిడి పిందెల్లా వచ్చాయట. విషయం తెలిసేలోపల ఆ చీర పెళ్ళిచీరగా అమ్ముడుపోయింది.

నా మిత్రుడు ఆ నెమలికి పదిన్నర అని నంబరు పెట్టాడు. అట్టల ఆయన దగ్గర నుంచి అసలు గ్రాఫు వెనక్కి తెచ్చుకుని నాకు చూపించాడు. "వచ్చేవారం దీన్ని తీయిస్తా. ముందు నువ్వు చూడు. నీ మీదే" అన్నాడు.

మా పక్క బోరు వేసేముందు ఒకాయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని పొలమంతా తిరుగుతాడు. నీళ్ళున్నచోట టెంకాయ నిలబడుతుందని నమ్మకం. మొదటి గడిలో ఆ టెంకాయ ఆయన, వెనక రైతులు. రెండో గడిలో పొలం మధ్యలో కుర్చీ వేసుకుని చెవి మీద పెన్సిల్‌తో ఒక మనిషి పుస్తకం చదువుతున్నాడు. టెంకాయ సరిగ్గా అతని నెత్తి మీద నిలబడింది. "ఈడుండాది నీళ్ళు! ఈన్ని కదలొద్దనండి!" మూడో గడిలో అతని తలకు బోరు బండి బిగించారు. "రెండొందల అడుగులు. దుమ్ము." నాలుగో గడి: "ఎనిమిదొందలు. దుమ్మే సామీ." ఆ మనిషి పేజీ తిప్పుతూ, "కాస్త మెల్లగా, చదువుకుంటున్నాను." ఐదో గడిలో పైపు పైకి లాగితే కొసన చిన్న కాగితం ముక్క. టెంకాయ ఆయన చదివి అంటున్నాడు: "దీన్ని ఇంతకుముందే ఎవురో చెప్పినారప్పా."

ఆరోది ఖాళీ.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు వెంటనే తెలిసింది. అంతకు ఆరు నెలల ముందు అతని తమ్ముడి పొలంలో బోరు వేశారు. నన్నూ తీసుకుపోయారు. నేను కుర్చీ అడిగి వేయించుకుని, బండి నీడలో పుస్తకం తెరిచాను. సాయంత్రానికి దుమ్ము తప్ప ఏమీ పడలేదు. తమ్ముడు నేల మీద కూలబడ్డాడు. అప్పుడు నేను, పేజీలో వేలు పెట్టుకుని, తల ఎత్తి, "అయిపోయిందా?" అన్నాను.

బొమ్మ అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. "ఇంటికి తీసుకుపోయి నిదానంగా చూస్తా" అన్నాను. ఇచ్చాడు. మర్నాడు పొద్దున నీళ్ళు కాగడానికి కట్టెలతోపాటు అది కూడా పనికొచ్చింది. నెమలి మీద అంత రాసిన చేతులకు ఒక అగ్గిపుల్ల గీయడం కష్టం కాలేదు.

అతనికి బస్సులో పోయిందని చెప్పాను.

"పోనీలేప్పా. బస్సోళ్ళు చదువుకుంటారు" అన్నాడు.

"మళ్ళీ గీయొచ్చు కదా?" అని కూడా అన్నాను. అనాలి కాబట్టి.

"రెండోసారి గీస్తే అది డిజైన్ అయితాది" అన్నాడు. తర్వాత పన్నెండు తెచ్చాడు. పదకొండు ఏమైందని అడిగినవాళ్ళకు ఏం చెప్పాడో నాకు తెలియదు. మొత్తం ఇరవై ఆరు గీశాడు. మళ్ళీ నన్ను ఎప్పుడూ గీయలేదు. దాన్ని మర్యాద అనుకుని కొన్నాళ్ళు సంతోషించాను కూడా.

ఫోన్ వచ్చిన మర్నాడు ధర్మవరం పోయాను. ఆమె ముందుగదిలో చాప మీద అన్నిటినీ వరసగా పేర్చి ఉంచింది. కాపీలు పసుపుపచ్చగా మారాయి, పిన్నులు తుప్పు పట్టాయి. పది, పదిన్నర, తర్వాత ఒక కాగితమంత ఖాళీ చోటు, తర్వాత పన్నెండు.

"మా మరిది ఈ గది ఖాళీ చేయమంటాండాడు అన్నా. కంప్యూటర్ పెడతాడంట. ఈ కాగితాలన్నీ పాతపేపర్లోళ్ళకు ఏసేస్తానంటాడు. కుట్టి పెడితే పుస్తకం అంటారు, ముట్టుకోరు. ఇడిగా ఉంటే చిత్తు కాగితాలే కదా."

"అయితే కుట్టించేయమ్మా."

"మధ్యలో ఒకటి లేకుండా కుట్టను. ఆయప్ప గీసినంత కాలం డబ్బాలో వచ్చినవి ఒక్కోదానికి చేర్చి పిన్నులు కొట్టింది నేను. నాకు లెక్క తెలీదా? ఈ నెలాఖరు దాకా చూస్తా. దొరక్కపోతే మరిది ఇష్టం."

నేను ఆ ఖాళీ చోటు వైపు చూస్తూ కూర్చున్నాను. లైబ్రరీలో వేల పుస్తకాలకు నంబర్లు అతికించాను. ఎవరూ వాటిని చదివి నవ్వుతూ బస్సు దిగడం మరిచిపోయినట్టు నాకు తెలియదు. ఈ కాగితాలకు అది జరిగేది. వీటిని ఎవరూ గీయమనలేదు, కాబట్టి ఎవరినీ మెప్పించే గీత ఒక్కటి కూడా వీటిలో లేదు. చదివేవాడికి అది తెలిసిపోతుంది. నాకు తెలియడానికి మాత్రం నెమలి మీద ఉత్తరం రాయాల్సి వచ్చింది.

"నేనే కాల్చేశానమ్మా" అన్నాను.

ఆమె లేచింది. లోపలికి పోయింది. వెళ్ళిపొమ్మని అర్థమేమోనని లేచి చెప్పులు వేసుకున్నాను. నీళ్ళ చెంబు పట్టుకుని వచ్చింది.

"యాడికి పోతాండావు? తాగు."

తాగాను.

"దాంట్లో ఏముండిందో గుర్తుండాదా నీకు?"

"ప్రతి మాటా గుర్తుంది."

"అయితే నువ్వే గియ్యి."

"నాకు గీయడం రాదమ్మా. ఇన్నేళ్ళలో ఆరో గడి కూడా గీయలేదు."

"తెలుసులే. డబ్బాలో వచ్చినవన్నీ సూసేదాన్ని. నీది ఒక్కటీ లేదు" అంది. "గీసేది యాడుండాది? ఆ చీర పట్టుకో. పోగులు లెక్కబెట్టు, గడులు నింపు. అది చేతకాదా?"

"రెండోసారి గీస్తే డిజైన్ అవుతుందని అతను అనేవాడు."

"నువ్వు గీసేది మొదటిసారే కదన్నా" అంది.

అక్కడి నుంచి ఆ చీర నేసినాయన ఇంటికి పోయాను.

మగ్గం ఆయనకు చూపు తగ్గింది కానీ జ్ఞాపకం తగ్గలేదు. చీర కొత్తచెరువులో ఫలానా వీధిలో ఉంటుందని చెప్పి, పోగులు లెక్కపెట్టే తన భూతద్దం ఇచ్చాడు. "జాగ్రత్తప్పా, పారేసుకోవద్దు. నువ్వు బస్సుల్లో పారేసుకునే మనిషంట కదా" అన్నాడు. అంటే ధర్మవరంలో ఆ కథ అందరికీ తెలుసు. ఎవరూ నమ్మలేదనీ అర్థమైంది.

కొత్తచెరువులో చీర గల ఆమె బ్లౌజులు కుడుతుంది. నలభై దాటి ఉంటుంది. నేను వచ్చిన పని విని, బీరువాలోంచి చీర తీసి మంచం మీద పరిచింది. పసుపు రంగు చీర, ఎర్ర అంచు. అంచు పొడవునా నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఎన్నిసార్లు ఉన్నానో లెక్కపెట్టలేదు.

"చీర మాత్రం ఇంట్లోంచి బయటికి పోదు సార్. పెండ్లిచీర."

ఫోన్‌తో ఫోటో తీశాను. జరీ మెరుపులో పోగులు కనపడలేదు. అక్కడే కూర్చుని లెక్కపెట్టక తప్పలేదు.

"ఇది ఎవరని అనుకున్నారు మీరు?" అని అడిగాను.

"ఎవురో సాధువు కదా సార్? తల మీద అభిషేకం చేస్తాండారు. ఎంత పోసినా కదలకుండా కూర్చుని ఉండాడు. మా అత్త బతికున్నప్పుడు ఈ చీర కట్టుకునే ముందు అంచు కండ్లకద్దుకోమనేది."

నేను భూతద్దం పట్టుకుని అంచు మీదికి వంగాను. ఆమె కొంచెంసేపు నన్ను చూసింది.

"సార్, మీరు కాస్త అట్లే ఉండండి" అని పక్కకు వచ్చి చూసింది. "ముక్కు... అయ్యో, ఇది మీరే కదా!"

ఒప్పుకున్నాను. అది అభిషేకం కాదని, బోరు అని కూడా చెప్పాను. ఆమె మిషన్ బల్ల పట్టుకుని నవ్వింది.

"ఇన్నేండ్లు మా అత్త మీకు మొక్కిందా సార్!"

మూడు రోజులు పోయాను. నేను భూతద్దంలో చూసి లెక్కపెట్టడం, మళ్ళీ తల తిప్పి గ్రాఫులో గడి వెతుక్కోవడం చూడలేక, రెండో రోజు నుంచి భూతద్దం ఆమే తీసుకుంది. "నాలుగు నిండు, రెండు ఖాళీ, ఏడు నిండు" అని చెప్పేది. నేను నింపేవాణ్ణి. ఎడమచేత్తోనే నింపాను. ఎందుకో తెలియదు, నా కుడిచేయి ఏ సావుకారిదీ కాదు. నా ముక్కు ఏడు మెట్లని అప్పుడు తెలిసింది. తప్పు నింపిన గడులు ఎన్నో ఉన్నాయి. పుస్తకం ఒకచోట ఇటుకలా వచ్చింది. మూడో గడిలో బోరు బండి కొంచెం ఒరిగింది. పుస్తకాలు తప్ప ఏదీ సరిగ్గా పట్టుకోవడం రాని మనిషి గీసినట్టే ఉంది మొత్తం.

మాటలు చీరలో లేవు, పిందెలే ఉన్నాయి. ఆ మాటలు చదివిన మనిషి ఇప్పుడు నేనొక్కణ్ణే. పిందెలు నింపడానికి ఇంట్లో కూర్చున్నప్పుడు ఒక ఆలోచన వచ్చింది. నాలుగో గడిలో ఎనిమిదొందలు అన్నాడు, నాలుగొందలు అంటే కొంచెం గౌరవంగా ఉంటుంది. అడిగేవాళ్ళు లేరు. పెన్ను పట్టుకుని టీ చల్లారేదాకా కూర్చున్నాను. ఎనిమిదొందలు అనే రాశాను. ఆ చివరి మాట, ఇంతకుముందే ఎవరో చెప్పారన్నది, ఆగకుండా రాశాను. అది మాత్రం నిజంగా నా మాటే అనిపించింది.

నెలాఖరుకు రెండు రోజుల ముందు తీసుకుపోయి ఇచ్చాను. ఆమె చాలాసేపు చూసింది. మొదట నవ్వలేదు. నాలుగో గడి దగ్గర చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత దాన్ని పదిన్నరకూ పన్నెండుకూ మధ్య పెట్టి, అన్నిటినీ కలిపి దబ్బనంతో తనే కుట్టింది. మరిది వచ్చి చూశాడు. బోరు వేసిన రోజు నేల మీద కూలబడ్డ మనిషే. పుస్తకం తెరిచి పదకొండు చదివాడు, నా వైపు చూశాడు.

"అయిపోయిందా సార్?" అన్నాడు.

"అయిపోయిందప్పా" అన్నాను. పుస్తకాన్ని బీరువా మీద పెట్టి పోయాడు.

కుట్టకముందే నాకోసం ఒక జిరాక్సు తీయించుకున్నాను. ఇంటికి వచ్చి దాని ఆరో గడిలో కుర్చీ గీశాను. ఖాళీ కుర్చీ. నెమలికి రెండు పేజీల అర్థం చెప్పినవాణ్ణి గనక ముందే చెప్పేస్తున్నాను, దీనికి అర్థమేమీ లేదు. నాకు మనుషుల్ని గీయడం రాదు. కుర్చీకైతే అన్నీ నిలువు గీతలు, అడ్డ గీతలే.

మర్నాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని కాలేజీ ఎదురుగా ఉన్న షాపుకు పోయాను. ఇప్పుడు అక్కడ దరఖాస్తులు ఆన్‌లైన్‌లో నింపుతారు. బల్ల మీద ప్రింటర్, వేలిముద్ర మిషన్ ఉన్నాయి. పాతాయన కొడుకు తల ఎత్తి, "ఏం కావల్ల సార్?" అన్నాడు.

"ఇక్కడ ఒక బిస్కెట్ డబ్బా ఉండేది."

"అదా? మా నాయన ఉన్నప్పుడు సార్."

ఆ షాపులో ఇప్పుడు డబ్బా పెట్టడం లేదు, కాగితం నా జేబులోనే ఉంది.